కాపీ సబ్‌మరైనర్ వాచీకి ఒరిజినల్ కీ, గ్లాసు వేయిస్తే నీళ్ళు ఆగుతాయా?

రాయగడ_కుర్రోడు
సూటిగా అడిగేస్తన్నాను, తిట్టేవాళ్ళు తిట్టండి. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే మా ఊరోడొకడు రెండేళ్ళ కిందట వస్తూ వస్తూ తెచ్చిన రోలెక్స్ సబ్‌మరైనర్ ఫస్ట్ కాపీ నా దగ్గరుంది. 6500 ఇచ్చాను. కాపీ అని తెలిసే కొన్నాను, మోసపోలేదు. టైం బాగానే చూపిస్తది, రోజుకి ఇరవై సెకన్లు అటూ ఇటూ. మొన్న వానలో బిస్సంకటక్ నుంచి బండి మీద వచ్చేసరికి గ్లాసు లోపల ఆవిరి పట్టీసింది, డయల్ కనబడ్డం మానీసింది. మూడ్రోజులు బియ్యం డబ్బాలో పెడితే పోయింది, మళ్ళీ నిన్న చెమటకే వచ్చీసింది. నా ప్లాన్ ఏటంటే మొదట ఒరిజినల్ ట్రిప్‌లాక్ కీ (వాచీ పక్కన తిప్పే బుడిపె, నీళ్ళు పోకుండా రోలెక్స్ చేసింది), ఒరిజినల్ గ్లాసు వేయించీడం, తర్వాత డబ్బులున్నప్పుడు లోపల మిషన్ తీసేసి స్విస్ కంపెనీ ఈటీఏ మిషన్ పెట్టించడం. ఒక గ్రూపులో ఒకడు ఒరిజినల్ కీ 9 వేలకి ఇస్తానన్నాడు. ఇవన్నీ వేస్తే ఇంక నీళ్ళు పోవు కదా? ఎవరైనా చేయించారా? ఏది దేనికి పడుతుంది?

బరంపురం_అప్పడం
పైన పటారం లోన లొటారం అని విన్నాం గానీ, పటారాన్ని వేరేగా కొని తెచ్చి అతికించుకోడం ఇప్పుడే చూస్తన్నా.

గుణుపురం_గంట
ఆ బియ్యం తర్వాత ఏం చేశారు? వండీశారా?

రాయగడ_కుర్రోడు
@గంట వండీశాం. అందరం బాగానే ఉన్నాం. అసలు విషయం చెప్పండి.

ముళ్ళ_మాస్టారు
బాబూ, పర్లాకిమిడిలో నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, మా నాన్న కూడా ఇదే. కొనడానికి ముందు వెనక మూత తీయించి లోపల మిషన్ ఫొటో పెట్టు. ఏ మిషనో తెలీకుండా పార్టు కొనడమంటే పిల్లాణ్ణి చూడకుండా చెప్పులు కొనడమే. రెండోది, నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూశావా? వాచీలోకి నీళ్ళు పోయే దార్లు మూడే, గ్లాసు చుట్టూ, కీ దగ్గర, వెనక మూత దగ్గర. నువ్వు రెండిటికి వేలకి వేలు పెడతానంటున్నావు, మూడోదాని ఊసే లేదు.

జయపురం_జీరో
మాస్టారు చెప్పింది కరెక్టు. ఇంకోటి, కీ స్క్రూ పూర్తిగా బిగించి వేసుకుంటున్నావా వదిలేసి తిరుగుతున్నావా? మా బావ ఆర్నెల్లు కీ బయటికి ఉంచే తిరిగాడు, స్టైల్ అనుకున్నాడంట.

రాయగడ_కుర్రోడు
బిగించే ఉంటాది అన్నా. మూత ఇవాళ మా వీధిలో తాళాలు చేసేవాడి దగ్గర తీయించాను. లోపల రోలెక్స్ అని చెక్కి ఉంది!! కిరీటం గుర్తు కూడా ఉంది. మరి ఇది నిజంగా కాపీయేనా? ఫొటో పెడతన్నాను.

బరంపురం_అప్పడం
ఒరే తాళాలు చేసేవాడి దగ్గరా!

ముళ్ళ_మాస్టారు
ఫొటో చూశాను. అయ్యా, లేబుల్ చూసి మందు తాగకూడదు. ఆ చెక్కిన రేకు ఎవడైనా చెక్కుతాడు. రెండు పరీక్షలు చెయ్యి. కీ పూర్తిగా బయటికి లాగు, సెకన్ల ముల్లు ఆగుతుందా? తర్వాత చెవి దగ్గర పెట్టి ఊపు, లోపల అర్ధచంద్రం లాంటి రోటర్ ఒకవైపు తిరిగినప్పుడు గిర్రున పరిగెత్తినట్టు వినబడుతుందా? చెప్పు.

రాయగడ_కుర్రోడు
ముల్లు ఆగట్లేదు మాస్టారూ, తిరుగుతానే ఉంది. ఊపితే ఫ్యాన్ తిరిగినట్టు గిరగిరా సౌండొస్తంది.

ముళ్ళ_మాస్టారు
అయితే అనుకున్నదే. జపాన్ మియోటా 8215ని చూసి చైనాలో చేసిన మిషన్ అది. గంటకి 21600 బీట్లు, రోటర్ ఒకవైపు తిరిగితేనే స్ప్రింగు ఎక్కుతుంది, రెండోవైపు ఊరికే పరిగెడుతుంది, అందుకే ఆ సౌండు. ఈ తరహా మిషన్‌లో కీ లాగినా సెకన్ల ముల్లు ఆగదు. అసలు సబ్‌మరైనర్ 16610 మోడల్లో ఉండే రోలెక్స్ 3135 మిషన్ అయితే గంటకి 28800 కొడుతుంది, కీ లాగగానే ముల్లు నిలబడిపోతుంది. చెడ్డ మిషనని అనను, నూనె వేస్తే నడుస్తుంది. కానీ దాని స్థానంలో ఈటీఏ 2824 పెట్టాలంటే ఎంత కథో విను.

ఈటీఏ వెడల్పు 25.6 మిల్లీమీటర్లు, మందం 4.6. ఈ 8215 తరహాది వెడల్పు 26, మందం 5.67. అంటే డయల్ నుంచి కీ పుల్ల ఉండే ఎత్తు మారిపోతుంది, నీ కేసుకి పక్కన పడ్డ బెజ్జం మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పుల్ల ఏటవాలుగా పోతే నాలుగు రోజుల్లో కీ చేతికి ఊడొచ్చేస్తుంది. తర్వాత డయల్ కాళ్ళు. డయల్ వెనక రెండు పిన్నులుంటాయి చూడు, అవి ఒక్కో మిషన్‌కి ఒక్కో చోట. ఆ కాళ్ళు కోసేసి జిగురు చుక్కలు పెట్టి అతికిస్తారు, నేనూ చేశాను, సిగ్గుపడుతూ చేశాను. తర్వాత ముళ్ళు, వాటి బెజ్జాలు కూడా ఒక్కో మిషన్‌కి ఒక్కో సైజు. ఈటీఏ సెకన్ల ముల్లు బెజ్జం 0.25, జపాన్ సీకో వాటికి 0.20. సన్నదాన్ని లావు పుల్లకి గుచ్చితే బెజ్జం చీలుతుంది, లావుదాన్ని సన్న పుల్లకి పెడితే మధ్యాహ్నం రెండింటికి ఊడి గ్లాసు కింద తిరుగుతూ ఉంటుంది. ఇవన్నీ సరిచేసేసరికి ఆ వాచీలో నీ పాత వాచీ ఎంత మిగులుతుంది?

నాగావళి_77
నేను మాస్టారితో ఒప్పుకోను. అంటే లెక్కలు కరెక్టే గానీ అందులో సరదా ఉంటాది. రెండేళ్ళ కిందట నేనూ ఒక కాపీలో ఈటీఏ వేయించాను, డయల్ మార్చాను, ముళ్ళు మార్చాను, మొత్తం 23 వేలయ్యింది, ఇప్పటికీ చేతికే ఉంది. నేనెవడికీ ఒరిజినల్ అని చెప్పలేదు, ఎవడికీ అమ్మలేదు. నా చెయ్యి, నా వాచీ, మధ్యలో ఎవరికేటి నొప్పి?

హెచ్ఎంటీ_పిచ్చోడు
@నాగావళి నొప్పి ఎవరికంటే నీ తర్వాత దాన్ని కొనేవాడికి. నువ్వు అమ్మవు, మీ అబ్బాయి అమ్ముతాడు, వాడికి తెలీదు ఏది ఏమిటో. ఇలాంటి కథలు మా హెచ్ఎంటీ వాళ్ళకి బాగా తెలుసు. 1961లో బెంగుళూరులో జపాన్ సిటిజెన్ సాయంతో మొదలైన వాచీల ఫ్యాక్టరీ, మన నాన్నల తరంలో పెళ్ళికొడుక్కి సైకిలు, రేడియో, హెచ్ఎంటీ వాచీ ఇస్తేనే పెళ్ళి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో హెచ్ఎంటీ పైలట్ మోడల్ అని నల్ల డయల్‌తో తళతళలాడేవి కుప్పలు. లోపల 17 జ్యువెల్స్ మిషన్ నిజమైనదే, కేసు కూడా నిజమైనదే, డయల్ మాత్రం మొన్న ఎవడో కొత్తగా రంగేసి అచ్చేసింది. ఎరుపు, ఆకుపచ్చ, నారింజ రంగు జనతా మోడళ్ళు కూడా చూశాను, ఆ రంగులు కంపెనీ ఎప్పుడూ వేసినట్టు నేను చూడలేదు. కలెక్టర్లు వీటిని ముంబై స్పెషల్ అంటారు. నీది కాపీ ఒంట్లో ఒరిజినల్ పార్టు, వాళ్ళది ఒరిజినల్ ఒంట్లో కాపీ మొహం. 2016లో ప్రభుత్వం హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించాక ఈ బేరం ఇంకా పెరిగిపోయింది.

నాగావళి_77
అన్నా నాది రోలెక్స్ కాపీ కూడా కాదు, పేరు లేని డయల్. చదవకుండా క్లాసు పీకుతున్నావు.

హెచ్ఎంటీ_పిచ్చోడు
సారీ. పేరు లేకపోతే నాకే అభ్యంతరం లేదు, అది నీ సొంత వాచీ.

బల్లార్షా_బొగ్గు
నేను చంద్రపూర్ జిల్లా దిక్కు, మీ ఒడిశా ముచ్చట్ల మధ్యల దూరుతున్న, తిట్టకుండ్రి. మా గని దోస్తుకు గిట్లనే అయింది. షిఫ్టు దిగి చెయ్యి కడుగుతుంటే ఆవిరి పట్టిందని ఒకడు గ్లాసు మార్చుమన్నడు, ఇంకొకడు కీ మార్చుమన్నడు, రెండూ మార్పిచ్చిండు, మల్ల ఆవిరే. ఆఖరికి చూస్తే వెనక మూత వాషర్ లేనే లేదు, మునుపు సెల్లు మార్చినోడు పెట్టుడు మర్చిపోయిండట. గది సెల్లు వాచీయే గాని సంగతి గదే.

సిరోంచ_ఘాటు
గోదారి పుష్కరాలకు పోయి వాచీ పెట్టుకునే మునిగిన. 30 మీటర్లు అని రాసుంటే 30 మీటర్ల లోతు అనుకున్న. ఇంకేముంది.

జయపురం_జీరో
@ఘాటు 30 మీటర్లంటే చేతులు కడుక్కోడానికే అన్నా, ఈతకి కనీసం 100 ఉండాలి. అదీ వాషర్లు తాజాగా ఉంటేనే. కాపీ వాచీ మీద 300 అని రాసుంటది, ఆ రాత కూడా కాపీయే.

కోరాపుట్_ప్లీడరు
చట్టం గురించి ఒక మాట చెప్పి తప్పుకుంటాను. ట్రేడ్‌మార్క్స్ చట్టం 1999లో 103, 104 సెక్షన్లు చూడండి. దొంగ ట్రేడ్‌మార్కు వేసినవాడికీ, ఆ సరుకు అమ్మినవాడికీ, అమ్మకానికి దగ్గర పెట్టుకున్నవాడికీ ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. చేతికి పెట్టుకుని తిరిగేవాడి గురించి ఆ సెక్షన్లు మాట్లాడవు, అమ్మకం గురించే మాట్లాడతాయి. కానీ అమ్మకానికి బయట దేశం నుంచి సరుకు తెప్పించావనుకో, కంపెనీ తన మార్కు కస్టమ్స్‌లో నమోదు చేసుకుని ఉంటే 2007 నాటి రూల్స్ ప్రకారం పార్సెల్ అక్కడే ఆపేయొచ్చు. కాబట్టి కుర్రోడూ, ఒరిజినల్ పార్టు నాలుగు వేశానని రేపు దాన్ని 40 వేలకి అమ్మకానికి పెట్టకు. అలా పెడితే నేరం తగ్గదు, కొనేవాడు నమ్మడానికి సాక్ష్యం పెరుగుతుంది.

బరంపురం_అప్పడం
ప్లీడరు గారు తప్పుకుంటానని ఎప్పుడన్నా ఒక్క మాటతో తప్పుకున్నారా.

రాయగడ_కుర్రోడు
అమ్మే ఉద్దేశం లేదండీ. మా బావమరిది పెళ్ళికి పెట్టుకోవాలి, అంతే. ఇంకో విషయం, మీరు తిడతారని చెప్పలేదు. ఆ కీ కొనీసేను. బేరమాడితే 7500కి ఇచ్చేడు. సీలు కవర్లో వచ్చింది, మీద రోలెక్స్ స్టిక్కరు, పార్టు నంబరు అన్నీ ఉన్నాయి. కిరీటం కింద మూడు చుక్కలు కూడా ఉన్నాయి, ట్రిప్‌లాక్‌కి అదే గుర్తంట కదా.

గుణుపురం_గంట
అయిపోయింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంట, ఇక్కడ కోతికి కిరీటం కూడా కొనీసేడు.

ముళ్ళ_మాస్టారు
సరే, కొన్నావు. ఇప్పుడు నన్నడిగితే, ఆ కీని ఎవడి చేతా బలవంతంగా పెట్టించకు. కీ ఒక్కటే కాదు, అది పోయి కూర్చునే గొట్టం ఉంటుంది, ట్యూబు, దాని మీద బయటవైపు మరలు. ట్రిప్‌లాక్ అసలు బలమంతా కీ, ట్యూబు కలిసి ఉన్న జతలో ఉంది. కీ విప్పినప్పుడు ట్యూబు మీద నల్ల రబ్బరు రింగు కనబడాలి, కీ లోపల ఇంకొకటి. నీ కాపీ ట్యూబుకి మరలు వేరే, కాబట్టి ట్యూబు కూడా మార్చాలి, ట్యూబు మార్చాలంటే కేసుకి కొత్తగా మర కొట్టాలి, ఆ స్టీలు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. సగంలో చీలితే నీ 6500 కూడా పోయినట్టే. గ్లాసు సంగతీ అంతే. ఒరిజినల్ గ్లాసు ఒక తెల్ల రింగులో బిగుసుకుని, పైన బెజెల్ (గ్లాసు చుట్టూ తిరిగే అంచు) కింద రింగు దాన్ని నొక్కి ఉంటుంది. కేసు గాడి వెంట్రుకవాసి తేడా ఉన్నా నొక్కుడు ఒకపక్కకి పడుతుంది, అప్పుడు పాత గ్లాసుకి రాని ఆవిరి కొత్త గ్లాసుకి వస్తుంది.

ఈ ఆదివారం ఖాళీగా ఉంటే రా. గుణుపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. ఇప్పుడు పెద్ద లైను, మా చిన్నప్పుడు బుల్లి రైలుండేది, పక్కన నడిచేవాళ్ళం దాన్ని దాటేసేవాళ్ళం.

వంశధార_వాసు
బుల్లి రైలు ఎవరికన్నా గుర్తుందా ఇంకా? మా అమ్మమ్మ నౌపడ దాకా అందులోనే వెళ్ళేది, తోవలో దిగి పనసకాయ కొని మళ్ళీ ఎక్కేదంట.

జయపురం_జీరో
థ్రెడ్ పక్కకి పోతోంది కానీ బాగుంది, పోనివ్వండి.

నాగావళి_77
ఒరిజినల్ పార్టులతో ఆడుకోవాలని అంత సరదాగా ఉంటే కుర్రోడు ఏం చెయ్యాలో నేను చెప్తా. సెకండ్‌హ్యాండ్‌లో నిజమైన సీకో ఎస్‌కేఎక్స్007 డైవింగ్ వాచీ ఒకటి పట్టు, 2019లో ఆపీసేరు గానీ దొరుకుతాయి. లోపల 7ఎస్26 మిషన్ ఉంటది, దానికి కీతో చావి ఇవ్వడం కుదరదు, లాగితే సెకన్ల ముల్లూ ఆగదు. దాన్ని తీసి ఎన్‌హెచ్36 పెట్టు, రెండూ కుదురుతాయి, అది సీకోవాళ్ళే బయటివాళ్ళకి అమ్మే మిషను, పెద్దగా కోతలు కొలతలు ఉండవు. డయల్, గ్లాసు, బెజెల్ మీద అంకెల రింగు (ఇన్సర్టు) ఏ రంగు కావాలంటే ఆ రంగు, బజారులో బోలెడు. అప్పుడు వాచీ సీకోయే, మార్చింది నువ్వు, అంతా బాహాటమే. నేను మొదట అదే చేసి ఉంటే ఆ 23 వేలల్లో సగం మిగిలేది, నిజం చెప్పాలంటే.

హెచ్ఎంటీ_పిచ్చోడు
ఒప్పుకున్నావు! ఇంక నాకేం గొడవ లేదు.

బరంపురం_అప్పడం
ఎస్‌కేఎక్స్‌కి కీ నాలుగు గంటల దగ్గరుంటది, డయల్ కొనేటప్పుడు అది చూసుకోండి. మూడు గంటల కీ వాచీల డయల్ తెచ్చి కాళ్ళు పడక నేను నా నెత్తి కొట్టుకున్నాను. కోల్‌కతా రాధాబజార్‌లో కొన్నాను, మార్చడానికి మళ్ళీ రైలెక్కాలంటే అయ్యే పని కాదు.

రాయగడ_కుర్రోడు
ఆదివారం వెళ్ళొచ్చాను. మాస్టారే చెప్తారు, నాకు సిగ్గుగా ఉంది.

ముళ్ళ_మాస్టారు
సిగ్గెందుకు. జరిగింది చెప్తాను, వేరేవాళ్ళకి పనికొస్తుంది. వెనక మూత తీశాను. రబ్బరు వాషరు ఉంది, కానీ గాడిలో లేదు, మరల మధ్య పడి నలిగి తెగిపోయి ఉంది. తాళాలవాడు తీసి పెట్టినప్పుడు ఇంకాస్త తెగినట్టుంది, మొదటిసారి తెగింది మాత్రం ముందే, ఆ చివర మాసిపోయి ఉంది. సైజు రబ్బరు రింగు ఒకటి వెతికి సిలికాన్ గ్రీజు పట్టించి పెట్టాను. కీ లోపల రింగు ఎండిపోయి ఉంటే అదీ మార్చాను. లోపల తుప్పు పట్టలేదు, అదృష్టం. ప్రెషర్ మిషను నా దగ్గర లేదు, మా పాత పద్ధతి ఒకటుంది. వాచీని బల్బు కింద గోరువెచ్చగా చేసి, గ్లాసు మీద చల్లటి నీళ్ళ చుక్క ఒకటి వేసి, ఒక నిమిషం ఆగి తుడిచి చూడాలి. లోపల తేమ ఉంటే ఆ చుక్క ఉన్న చోట లోపలివైపు మసక వస్తుంది. రాలేదు. రెండుసార్లు చూశాను.

ఇంక ఆ 7500 కీ. భూతద్దం కింద చూశాను. మా దగ్గర సర్వీసుకి వచ్చిన నిజమైన సబ్‌మరైనర్ కీతో పక్కపక్కన పెట్టి చూసిన అనుభవం ఉంది కాబట్టి చెప్తున్నాను, కిరీటం అంచులు అచ్చు పోసినట్టు గుండ్రంగా ఉన్నాయి, పక్కల గాట్లు ఒక్కో చోట ఒక్కో లోతు, లోపల రింగు జిగురుతో అంటించి ఉంది. ఇది కూడా కాపీయే బాబూ. కవరు, స్టిక్కరు అన్నీ కాపీయే.

బల్లార్షా_బొగ్గు
అరెరె. కాపీ వాచీకి కాపీ కీ, ఒరిజినల్ ధర.

కోరాపుట్_ప్లీడరు
అమ్మినవాడి చాటింగు, డబ్బు పంపిన రసీదు దాచి ఉంచు. నేను చెప్పిన 104 సరిగ్గా వాడికే.

గుణుపురం_గంట
ఒక లెక్కన జత కుదిరింది కదా.

రాయగడ_కుర్రోడు
నవ్వండి నవ్వండి. అమ్మినోడు నంబరు బ్లాక్ చేసీసేడు. మాస్టారు మొత్తం పనికి 80 రూపాయలు తీసుకున్నారు, టీ ఆయనే తాగించారు. నిన్నా ఇవాళా వానలో తిరిగాను, ఆవిరి లేదు.

సిరోంచ_ఘాటు
ఆ కీ ఏం జేస్తవ్ మరి?

బరంపురం_అప్పడం
ఉంగరం చేయించుకో. మూడు చుక్కలు పైకి కనబడేలా.

రాయగడ_కుర్రోడు
మాస్టారి షాపులో గాజు సీసాలో వేసి వచ్చీసేను. ఎవరన్నా ఒరిజినల్ కీ అని తెస్తే పక్కన పెట్టి చూపిస్తారంట. మాస్టారూ, మా మావయ్య బీరువాలో పాత సీకో ఒకటుంది, వెనకాల 7009 అని ఉంది, నడవట్లేదు. అదన్నా అసలుదేనా, చూస్తారా?

ముళ్ళ_మాస్టారు
తీసుకురా. ఈసారి తాళాలవాడి దగ్గరికి తీసుకెళ్ళకు.

జయపురం_జీరో
సీకోకి కొత్త థ్రెడ్ తెరువు, ఇది ఆవిరి థ్రెడ్.